నాన్న చేతికి ఏ వాచీ కొనాలి?

ఫోన్‌లో టైమ్ కనిపిస్తుండగా చేతికి వాచీ దేనికి? ఏడాది క్రితం వరకూ నేనూ ఇదే మాట అనేవాణ్ణి. ఆ మాట ఎందుకు మార్చుకోవాల్సి వచ్చిందో చెప్పాలంటే ముందు ఒక రాత్రి సంగతి చెప్పాలి.

మాది గణపవరం పక్కన పల్లెటూరు. ఇటు వెళ్తే తాడేపల్లిగూడెం, అటు వెళ్తే భీమవరం, పల్లానికి దిగితే కొల్లేరు. ఒకప్పుడు వరిచేలు ఉన్నచోట ఇప్పుడు ఎటు చూసినా చెరువులే. నాన్న రెండెకరాల చెరువు కౌలుకి తీసుకుని వనామీ రొయ్య వేస్తారు. నాది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మొదటిసారి బోనస్ పడగానే నాన్నకి ఒక స్మార్ట్ వాచ్ కొని పంపాను. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, ఎన్ని అడుగులు నడిచారు, రాత్రి ఎంతసేపు పడుకున్నారు... అన్నీ చెబుతుంది. నాన్న కూడా నెల రోజులు ఊళ్ళో అందరికీ సరదాగా చూపించారు.

ఆ తర్వాత వానాకాలంలో మూడు రోజులు ముసురు పట్టింది. చెరువుల వాళ్ళకి ముసురంటే భయం. ఎండ ఉంటే నీళ్ళలోని నాచు పగలంతా ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రయ్యాక అదే నాచు, రొయ్యలు, అడుగున ఉన్న మడ్డి అన్నీ కలిసి ఆ ఆక్సిజన్‌ని వాడేస్తాయి. తెల్లవారుజాముకి బాగా పడిపోతుంది. ఎండ కాయని రోజుల్లో అసలు నిల్వే తక్కువ. అందుకే అలాంటి రాత్రుల్లో ఏరియేటర్లు తిరుగుతూనే ఉండాలి.

ఆ రోజు సాయంత్రమే కరెంటు పోయింది. నాన్న జనరేటర్ వేశారు. అర్ధరాత్రికి డీజిల్ తగ్గిపోతోందని, ఒక గంట ఆపి ఒంటిగంటకి మళ్ళీ వేద్దామని, చేతి వాచీలో అలారం పెట్టుకుని మకాంలో నడుం వాల్చారు. ఆ వాచీకి రోజూ సాయంత్రం మకాంలోనే చార్జింగ్ పెడతారు. ఆ సాయంత్రం కరెంటు లేదు. జనరేటర్ లైను ఏరియేటర్ల వరకే. అంతకుముందే ఒక ఫోన్ చెరువులో పడేసుకున్నారు కాబట్టి కొత్త ఫోన్ ఇంటి దగ్గరే వదిలి వస్తున్నారు. ఒంటిగంట కాకముందే వాచీ ఆరిపోయింది.

మెలకువ వచ్చి టార్చి వేస్తే గట్టు వారగా రొయ్యలు పైకి తేలి ఉన్నాయి. పరుగున వెళ్ళి జనరేటర్ వేశారు. చాలా భాగం దక్కింది కానీ రెండు క్వింటాళ్ళ దాకా పోయాయి. అరవై కౌంటు సరుకు. రేటు తెలిసినవాళ్ళు లెక్కేసుకోండి, నేను కొన్న వాచీ ఖరీదుకి అది ఎన్ని రెట్లో.

నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. "వాచీదేముందిరా, నిద్ర నాది" అన్నారు. నిజానికి వాచీ తప్పు కూడా లేదు. ఏసీ గదిలో, చేతికందే దూరంలో చార్జర్ ఉండేవాడికి సరిపోయే వస్తువుని తెచ్చి చెరువు గట్టు మీద తిరిగే మనిషికి కట్టాను. ఆ తప్పు నాది.

ఎక్సెల్ షీట్‌లో ఇరవై ఆరు వాచీలు

ఆ శుక్రవారం రాత్రే గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఎక్కేలోపు మనవాళ్ళు చేసే పనే చేశాను, ఎక్సెల్ షీట్ తయారుచేశాను. ఇరవై ఆరు వాచీలు, పద్నాలుగు కాలమ్‌లు. ధర, బరువు, బ్యాటరీ, నీళ్ళు, రివ్యూల్లో ఎన్ని స్టార్లు... తెల్లవారుజామున తాడేపల్లిగూడెంలో దిగి ఇంటికి చేరి, టిఫిన్ అయ్యాక లాప్‌టాప్ నాన్న ముందు పెట్టాను.

నాన్న రెండు నిమిషాలు ఓపిగ్గా చూశారు. తర్వాత, "ఇయ్యన్నీ బానే ఉన్నాయిగానీ అబ్బాయ్, కళ్ళజోడు లేకుండా టైమ్ కనబడుద్దా?" అని అడిగారు.

పద్నాలుగు కాలమ్‌లలో ఆ కాలమ్ లేదు!

షీట్ మూసేసి, నాన్ననే అడిగి కాగితం మీద రాసుకున్నాను. చీకట్లో కనబడాలి. అంకెలు పెద్దవిగా ఉండాలి. చెక్ ట్రే తీయడానికి మోచేతి దాకా నీళ్ళలో చెయ్యి పెడితే పాడవకూడదు. చార్జింగ్ అనే మాటే ఉండకూడదు. అలారం ఉండాలి. పోయినా, పగిలినా గుండె ఆగేంత ఖరీదు ఉండకూడదు. ఆరే ఆరు మాటలు.

మీరు ఎవరికి కొంటున్నా, మీకే కొనుక్కుంటున్నా ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. "ఏది బెస్ట్ వాచీ?" అని గూగుల్‌ని అడిగితే వంద జవాబులు వస్తాయి. "ఈ వాచీ రోజంతా ఎక్కడెక్కడ తిరుగుతుంది?" అని మిమ్మల్ని మీరు అడిగితే వందలో తొంభై వాటంతటవే పక్కకి తప్పుకుంటాయి.

చవక వాచీ టైమ్ తప్పదా?

చాలామందికి ఉండే మొదటి అనుమానం ఇది. ఎనిమిది వందల రూపాయల వాచీ సరైన టైమ్ చూపిస్తుందా అని. చూపిస్తుంది. ఎనభై వేల కీ వాచీ కంటే మెరుగ్గా చూపిస్తుంది.

కారణం లోపల ఉండే చిన్న క్వార్ట్జ్ ముక్క. సెల్లు నుంచి కాస్త కరెంటు ఇస్తే అది సెకనుకి సరిగ్గా 32,768 సార్లు కంపిస్తుంది. ఈ అంకెని కోడింగ్ వచ్చినవాళ్ళు చూడగానే గుర్తుపడతారు, రెండుని పదిహేనుసార్లు హెచ్చవేస్తే వచ్చేది. అంటే లోపలి చిప్ ఆ అంకెని పదిహేనుసార్లు సగం చేస్తే సెకనుకి ఒక్క దెబ్బ మిగులుతుంది. ఆ దెబ్బకే సెకన్ల ముల్లు ఒక గడి కదులుతుంది. అంతే యంత్రం!

ప్రపంచంలో మొట్టమొదటి క్వార్ట్జ్ చేతి వాచీని జపాన్‌కి చెందిన సీకో 1969 డిసెంబర్ 25న అమ్మకానికి పెట్టింది. పేరు ఆస్ట్రాన్, ధర 4,50,000 యెన్‌లు. అప్పట్లో జపాన్‌లో ఒక కారు కొనుక్కోగలిగినంత డబ్బు. ఇవాళ అదే సూత్రంతో నడిచే వాచీ తాడేపల్లిగూడెం కొట్లో బిర్యానీ పార్టీ ఖర్చుకి దొరుకుతుంది.

మామూలు క్వార్ట్జ్ వాచీ నెలకి ఇరవై, ముప్ఫై సెకన్లు అటూ ఇటూ అవుతుంది. స్ప్రింగ్‌తో నడిచే మామూలు కీ వాచీ ఒక్క రోజులోనే అంత తేడా చూపించొచ్చు. కీ వాచీలకి వాటి అందం వాటికుంది. కానీ టైమ్ కోసమే అయితే డబ్బు ఎక్కువ పెట్టినంత మాత్రాన ఎక్కువ టైమ్ రాదు.

బీరువాలో ఆల్విన్

ఈ మాట చెబుతుంటే నాన్న లేచి వెళ్ళి బీరువాలోంచి ఒక చేతి రుమాలు మూట తెచ్చారు. విప్పితే అందులో వాచీ. నాన్న ఇంటర్ పాసైనప్పుడు తాతయ్య కొనిచ్చినది. డయల్ మీద ఆల్విన్ అని ఉంది.

నా వయసు వాళ్ళలో చాలామందికి ఆ పేరు తెలియదు. హైదరాబాద్ ఆల్విన్ మన కంపెనీ. నిజాం కాలంలో 1942లో మొదలైంది. బీరువాలు, ఫ్రిజ్‌లు, ఆర్టీసీ బస్సుల బాడీలు చేసింది. 1980ల్లో సీకో సాంకేతిక సహకారంతో చేతి వాచీలూ చేసింది. అప్పుడు మన ఊళ్ళల్లో వాచీ అంటే రెండే పేర్లు. ఒకటి హెచ్‌ఎంటీ, రెండోది ఆల్విన్. హెచ్‌ఎంటీ 1961లో సిటిజెన్ సహకారంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది. జనతా, పైలట్, కోహినూర్ లాంటి మోడళ్ళు దేశమంతా చేతులకెక్కాయి. టెన్త్ పాసైతే వాచీ, పెళ్ళిలో అల్లుడికి వాచీ, ఉద్యోగం వస్తే వాచీ. ఇంట్లో ఒకరికి వాచీ ఉంటే వీధంతా వాళ్ళనే టైమ్ అడిగేది.

తర్వాత టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి 1984లో టైటాన్‌ని పెట్టారు. ఫ్యాక్టరీ బెంగళూరు పక్కన, తెలుగువాళ్ళు బోలెడుమంది ఉండే హోసూరులో. సెల్లుతో నడిచే వాచీలు షోరూముల్లోకి వచ్చాయి. కీ వాచీల రోజులు తగ్గుతూ వచ్చాయి. ఆల్విన్ వాచీలు ఆగిపోయాయి. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయడానికి 2016 జనవరిలో కేంద్రం ఆమోదం తెలిపింది.

"ఇది ఎందుకు మానేశారు నాన్నా?" అని అడిగాను.

"నీళ్ళు పోయినియ్యిరా లోపలికి. చేలో ఉన్నన్నాళ్ళూ బానే ఉంది. చెరువులు మొదలెట్టాకే పాడైంది" అన్నారు.

అంటే చేలో నడిచిన వాచీ చెరువులో నడవలేదు. నేను కొన్న స్మార్ట్ వాచ్ కథా అదే. నలభై ఏళ్ళ తేడాలో రెండు వాచీలు ఒకే పాఠం చెప్పాయి.

30 మీటర్లు అంటే 30 మీటర్లు కాదు

ఇక్కడ చాలామంది మోసపోతారు. మోసం కంపెనీది కాదు, ఆ అంకెని మనం చదివే తీరుది. వాచీ వెనక 30 మీటర్లు అని ఉంటే ముప్ఫై మీటర్ల లోతుకి దూకొచ్చని కాదు. కదలని నీళ్ళలో, కొత్త వాచీ మీద, ల్యాబ్‌లో పెట్టిన ఒత్తిడి లెక్క అది. చెయ్యి విదిలించినా, పంపు ధార పడినా ఒత్తిడి మారుతుంది. వాడకంలోకి వచ్చేసరికి ఇలా గుర్తుపెట్టుకోండి.

30 మీటర్లు: చేతులు కడుక్కోవచ్చు, వాన చినుకులు పడినా ఫర్వాలేదు. స్నానానికి తీసేయాలి.

50 మీటర్లు: స్నానం, కాసేపు ఈత వరకూ సరే.

100 మీటర్లు: ఈత, చెరువు పని, కాలవ స్నానం, ఏదైనా.

ఇంకో రెండు జాగ్రత్తలు. నీళ్ళలో ఉండగా బటన్లు నొక్కకూడదు, కీ లాగకూడదు. వాచీ వెనక మూత కింద ఒక సన్నటి రబ్బరు రింగు ఉంటుంది. నీళ్ళని ఆపేది అదే. వేడి నీళ్ళకీ, సబ్బుకీ, వయసుకీ అది పాడవుతుంది. అందుకే అయిదేళ్ళ క్రితం కొన్న 50 మీటర్ల వాచీ ఇవాళ కూడా 50 మీటర్లదే అనుకోవద్దు.

మా వైపు రొయ్యల చెరువుల్లో చాలాచోట్ల నీళ్ళు కాస్త ఉప్పగా ఉంటాయి. కాబట్టి నాన్నకి 100 మీటర్లు ఖాయం చేశాం. తోలు బెల్టు వద్దు, నానితే వాసన వచ్చి చిరుగుతుంది. రబ్బరులా ఉండే రెజిన్ బెల్టు మేలు, నీళ్ళతో కడిగేస్తే చాలు.

వెనక్కి తిప్పి చదవండి

ఆ మధ్యాహ్నం ఇద్దరం బండి మీద తాడేపల్లిగూడెం వెళ్ళాం. ఆన్‌లైన్‌లో కొనేయొచ్చు. కానీ వాచీ అనేది చేతికి పెట్టి చూసుకోవాల్సిన వస్తువు. ఫోటోలో అన్నీ ఒకే సైజులో కనిపిస్తాయి.

ముందు ఒక పాత రిపేరు కొట్టుకి వెళ్ళాం. కంటికి భూతద్దం బిగించుకుని పనిచేసుకుంటున్న పెద్దాయనకి ఆల్విన్ చూపించాం. మూత తీసి చూసి, "తుప్పు మొదలైంది గానీ ప్రాణం ఉందండి. కడిగి నూనె వేస్తే నడుస్తది. పార్టులు మాత్రం కొత్తవి రావు, పాత వాచీల్లోంచి తియ్యాల్సిందే" అన్నారు. వారం పడుతుందన్నారు.

పనిలో పనిగా కొత్త వాచీ కొనేటప్పుడు ఏం చూడాలని అడిగాను. ఆయన రెండు వాచీలు తీసి బోర్లించారు. రెండింటి వెనకా స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్ అని ఉంది. "ఇది చదివి వాచీ అంతా స్టీలే అనుకుంటారు. బ్యాక్ అంటే వెనక మూత ఒక్కటే. చుట్టూ బాడీ వేరే లోహం, పైన మెరుగు. మన చెమటకి రెండేళ్ళలో లేచిపోద్ది" అన్నారు. బాడీ కూడా స్టీల్ అయితే ఆ మాట విడిగా రాసి ఉంటుంది. లేదంటే ఆ బడ్జెట్‌లో రెజిన్ బాడీయే నయం. తుప్పు పట్టదు, చర్మం దురద పెట్టదు, తేలిగ్గా ఉంటుంది.

ఆయన చెప్పినవీ, నేను చదివినవీ కలిపి చిన్న లిస్టు ఇస్తున్నా.

సెల్లు: ముళ్ళ వాచీలకి మామూలుగా రెండు మూడేళ్ళు వస్తుంది. కొన్ని డిజిటల్ వాచీలకి ఏడేళ్ళు, పదేళ్ళు కూడా వస్తుంది. వాచీ ఆగిపోతే ఆ చచ్చిన సెల్లుని లోపలే వదిలేయకండి. అది కారితే మెషిన్ పోతుంది. బీరువాల్లో వాచీలు చచ్చిపోయేది ఎక్కువగా ఇలాగే. సెల్లు మార్పించినప్పుడు రబ్బరు రింగు కూడా చూడమనండి.

అద్దం: చవక డిజిటల్ వాచీల మీద ఉండేది ప్లాస్టిక్ అద్దం. గీతలు త్వరగా పడతాయి కానీ కిందపడితే ముక్కలవదు. సన్నటి గీతలైతే కొంచెం టూత్‌పేస్ట్ పెట్టి గుడ్డతో రుద్దితే చాలావరకు పోతాయి. మినరల్ గాజు మీద గీతలు తక్కువ, కానీ గట్టి దెబ్బకి పగులుతుంది.

సైజు: బెల్టు తగిలించే కొసలు మణికట్టు దాటి బయటికి రాకూడదు. సన్న చేతికి 36 నుంచి 38 మిల్లీమీటర్లు, మామూలు చేతికి 40 దాకా బాగుంటుంది. రోజంతా పెట్టుకుంటే పెద్ద వాచీ చొక్కా మణికట్టుకి పట్టేస్తుంది, కీబోర్డుకి తగులుతుంది.

బెల్టు: 18, 20 లేదా 22 మిల్లీమీటర్ల మామూలు బెల్టు పట్టే వాచీ అయితే ఏ ఊళ్ళోనైనా వంద, రెండొందల్లో మార్చుకోవచ్చు. ఆ వాచీకే ప్రత్యేకంగా చేసిన బెల్టు అయితే తెగినప్పుడు వెతుకులాట తప్పదు.

ఏ బడ్జెట్‌లో ఏవి?

ధరలు మారుతుంటాయి కాబట్టి అందాజుగానే చెబుతున్నా.

వెయ్యి లోపు అయితే సొనాటా లాంటి దేశీ బ్రాండ్ల ముళ్ళ వాచీలు. టైటాన్ వాళ్ళదే ఈ బ్రాండ్. ఆఫీసుకి, కాలేజీకి చక్కగా సరిపోతాయి. నీళ్ళ అంకె మాత్రం చూసుకోండి.

వెయ్యి, రెండు వేల మధ్య అయితే క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ పేరు చెప్పకుండా ఉండలేం. 1989లో వచ్చింది, ఇప్పటికీ దాదాపు అలాగే ఉంది. బరువు 21 గ్రాములు, సెల్లు ఏడేళ్ళు, అలారం, స్టాప్‌వాచ్, లైటు. మన ప్రాజెక్టుల్లో ఒక వెర్షన్ మూడు నెలలు నిలబడితే గొప్ప. ముప్ఫై అయిదేళ్ళు దాటిన ఈ వాచీకి అప్‌డేట్ అవసరం రాలేదు. లోపాలూ ఉన్నాయి. లైటు మసక, నీళ్ళకి అంతంతమాత్రం, అంకెలు చిన్నవి.

రెండు వేలకి అటూ ఇటూ అయితే అదే కంపెనీ డబ్ల్యూ-800హెచ్ లాంటివి. 100 మీటర్లు, పదేళ్ళ సెల్లు, పెద్ద అంకెలు. చూడ్డానికి స్టైల్‌గా ఉండదు. పనివాడి వాచీ.

నకిలీలతో జాగ్రత్త. ఎఫ్-91డబ్ల్యూ అయితే కుడివైపు బటన్‌ని మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే స్క్రీన్ మీద కంపెనీ పేరు రావాలి. రాకపోతే కొనొద్దు. వచ్చినా బిల్లు, వారంటీ కార్డు అడగండి, ఎందుకంటే కొన్ని నకిలీలూ ఆ విద్య నేర్చుకున్నాయి. ఆన్‌లైన్‌లో తళతళలాడే రంగుల డయళ్ళతో "కొత్త" హెచ్‌ఎంటీ, "కొత్త" సీకో కీ వాచీలు రెండు వేలకే కనిపిస్తే ఆగండి. పాత మెషిన్లకి డయల్ మళ్ళీ రంగేసి, దొరికిన పార్టులు కలిపి అమ్మేవి వాటిలో చాలా ఉంటాయి. సరదాకి కొంటే కొనండి, తాతగారి జ్ఞాపకం అనుకుని కొనకండి.

మరి స్మార్ట్ వాచ్?

స్మార్ట్ వాచ్ చెడ్డదని నేననను. రోజూ పరుగెత్తేవాళ్ళకి, డాక్టర్ గుండె వేగం గమనించుకోమన్నవాళ్ళకి అది ఉపయోగమే. కానీ అది చేతికి కట్టుకున్న రెండో ఫోన్. చార్జింగ్ పెట్టాలి, అప్‌డేట్ చేయాలి, నాలుగైదేళ్ళకి బ్యాటరీ నీరసిస్తుంది. పైగా నోటిఫికేషన్ మోగితే చూడకుండా ఉండలేం.

పరీక్షలు రాసేవాళ్ళకి ఇంకో మాట. నీట్‌లో ఏ వాచీ అయినా సరే లోపలికి రానివ్వరు. యూపీఎస్సీ పరీక్షల్లో మామూలు వాచీకి అభ్యంతరం లేదు, స్మార్ట్ వాచ్ అయితే నిషేధం. ఒక్కో పరీక్షకి ఒక్కో రూల్, కాబట్టి అడ్మిట్ కార్డు వెనక చదివి వెళ్ళండి. ఇంట్లో మాక్ టెస్టులు రాసేటప్పుడు మాత్రం ఫోన్ పక్క గదిలో పెట్టి, ఎదురుగా ఒక మామూలు వాచీ పెట్టుకోండి. టైమ్ చూద్దామని ఫోన్ తీసి, ఇరవై నిమిషాల తర్వాత రీల్స్‌లోంచి బయటపడి, అసలు టైమ్ ఎంతో చూడనే లేదని గుర్తొచ్చిన అనుభవం నాకొక్కడికే ఉండదు కదా?

చివరికి ఏం కొన్నాం

కొత్త వాచీల కొట్లో నాన్న ముందు ముళ్ళ వాచీలే చూశారు. అలవాటు. కొట్టతన్ని అడిగి, లైటు లేని వెనక గదిలోకి నేనే తీసుకెళ్ళాను. చీకట్లో ముళ్ళకి పూసిన రంగు కాసేపే మెరిసింది. పెద్ద అంకెల డిజిటల్ వాచీ బటన్ నొక్కితే, చెయ్యి చాచి, కళ్ళజోడు లేకుండా, "మూడూ నలభై రెండు" అని చదివారు. అదే తీసుకున్నాం. డబ్ల్యూ-800హెచ్.

నాకు ఒక్కటే బెంగ, ఆ బుల్లి అలారం శబ్దం ఏరియేటర్ల హోరులో వినపడుతుందా అని. నాన్న నవ్వారు. "ఏరియేటర్లు తిరుగుతుంటే నాకు అలారమెందుకురా? ఆగినప్పుడే కదా కావాల్సింది. అప్పుడు చెరువు మీద చీమ చిటుక్కుమన్నా వినపడుద్ది" అన్నారు. ఇంజనీరింగ్ చదివింది నేను!

అయినా మా ఉద్యోగంలో ఒక జబ్బు ఉంది, ఒక్క సర్వర్‌నే నమ్ముకోం. అందుకే మూడొందలు పెట్టి సెల్లుతో నడిచే టేబుల్ అలారం గడియారం ఒకటి కొని మకాంలో పెట్టించాను. జనరేటర్ ఆపిన ప్రతిసారీ రెండింటిలోనూ అలారం పెట్టాలని ఒప్పందం. అన్నీ కలిపి అయిన ఖర్చు నేను కొన్న స్మార్ట్ వాచ్ ధరలో సగం కూడా కాదు.

వారం తర్వాత ఆల్విన్ నడిచి వచ్చింది. రోజుకి రెండు నిమిషాలు ముందుకు పోతుంది, రోజూ కీ ఇవ్వాలి. నాన్న దాన్ని నాకు ఇచ్చేశారు. "నీకు నీళ్ళలో పనేముంది, నువ్వు పెట్టుకో" అన్నారు. ఇప్పుడు పొద్దున్నే లేచి ఫోన్ ముట్టుకోకముందే దానికి కీ ఇస్తున్నా. అప్పుడప్పుడు మర్చిపోతా, అది ఆగిపోతుంది. ఆఫీసు మీటింగ్‌కి రెండు నిమిషాలు ముందు చేరడం మాత్రం దాని పుణ్యమే.

ఆ పంట తర్వాత ఇంకో పంట తీశాం. దసరా తర్వాత మళ్ళీ ముసురు పట్టింది. ఒక రాత్రి నిద్రపట్టక ఒంటిగంటన్నరకి మకాంలోని గడియారం గుర్తొచ్చి ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఎత్తింది. "మీ నాన్న ఇప్పుడే జనరేటర్ వేసినట్టున్నార్రా, శబ్దం వినపడతంది. పడుకో" అంది.

పొద్దున్నే నాన్నతో మాట్లాడుతూ, "కొత్త వాచీ ఎలా ఉంది నాన్నా? బాగా పనిచేస్తోందా?" అని అడిగాను.

"ఏ వాచీ?" అన్నారు నాన్న. ఒక్క క్షణం ఆగి, "ఓ, ఇదా! చేతికే ఉందిరా" అన్నారు.